తెల్లవారుజామున చెరువుకి ఊపిరెందుకు ఆడదు

పదో తరగతి చదివే పిల్లల్ని ఎవర్నైనా లేపి, ప్రాణమున్నవాటి లక్షణాలు చెప్పమనండి. పోషణ, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల, చలనం, స్పందన, ప్రత్యుత్పత్తి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఏడూ చెబితే మార్కులన్నీ వచ్చేస్తాయి. కోనసీమలో సాయంత్రాలు జీవశాస్త్రం ట్యూషన్ చెప్పేవాణ్ణి కాబట్టి ఈ జాబితా నాకు రోజూ వినబడేదే. వినగా వినగా ఒక అభిప్రాయం గట్టిపడింది. ఈ ఏడింటినీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో నిలబెట్టి చెప్పడం వల్ల ప్రాణం ఎలా నడుస్తుందో పిల్లలకి అందకుండా పోతోంది. ఏడింట్లో ఒకటుంది, తక్కిన ఆరూ దానిమీద ఆధారపడ్డవే. ఒంట్లో ఉన్న ఆహారాన్ని కణం లోపల కొద్దికొద్దిగా కాల్చుకుని శక్తి తీసుకోవడం. పాఠం దానితో మొదలవ్వాలి. మిగతావన్నీ దాని చుట్టూ రావాలి.

ఎక్కడి పిల్లలకైనా ఇది మంచిదే. గోదావరి డెల్టా పిల్లలకైతే తప్పనిసరి అంటాను. వరి, రొయ్య, చేప, కొబ్బరి, కోడి: ఇక్కడ ఇల్లు గడిచేదే ప్రాణుల్ని పెంచి. ఫ్యాక్టరీలో మిషను ఆగిపోతే మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. ఇక్కడ ఒక్క రాత్రి ఊపిరి లెక్క తప్పితే పెట్టుబడి మొత్తం నీళ్ళమీద తేలుతుంది.

ముందు మండె సంగతి చెబుతాను. నారుమడి పోసే ముందు వడ్లని ఒక రోజు నానబెట్టి, నీళ్ళు వార్చి, గోనెసంచుల్లో పోసి, పైన తడిగడ్డి కప్పి మండె కడతారు కదా. మర్నాడు సంచి మూతి విప్పి లోపలికి చెయ్యి పోనిచ్చి చూడండి. పైపొర మామూలుగానే ఉంటుంది. మోచేతి దాకా దించేసరికి వేడి తెలుస్తుంది. కొంచెం పులిసినట్టుగా, కొంచెం తియ్యగా ఒక వాసన వస్తుంది. గుప్పెడు బయటికి తీస్తే గింజ ముక్కు దగ్గర తెల్లటి మొన కనబడుతుంది. సంచి నీడలోనే ఉంది, కింద పొయ్యి లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారి, ఆ చక్కెర కాలుతుంటే పుట్టిన వేడి అది. వేల గింజలు ఒకేసారి నిద్రలేచి ఊపిరి తీసుకుంటున్నాయి. అందుకే అనుభవమున్న రైతు మధ్యలో సంచి తిరగేసి నీళ్ళు చిలకరిస్తాడు. వదిలేస్తే ఆ వేడికి గింజలే ఉడికి చస్తాయి.

ఇది దహనమేనని లెక్కతో చూపించినవాళ్ళు ఫ్రెంచి శాస్త్రవేత్తలు లావోయిజర్, లాప్లాస్. 1780లలో పారిస్‌లో చుట్టూ మంచు నింపిన పాత్రలో ఒక గినీపందిని ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. అది వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నీ కొలిచారు. అంతే కార్బన్ డయాక్సైడ్ వచ్చేలా బొగ్గు కాల్చితే ఎంత మంచు కరుగుతుందో చూశారు. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. మంట లేకుండా, నెమ్మదిగా జరిగే దహనమే శ్వాస అని తేల్చారు. మండెలో చెయ్యి పెట్టిన ప్రతి పిల్లాడికీ ఆ ప్రయోగం సగం తెలిసినట్టే. మిగతా సగం చెప్పేవాళ్ళే కావాలి.

కోతలయ్యాక కళ్ళంలో జరిగేదీ ఇదే కథ. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొర్రీ పెడతారు, రైతుకి టెన్షన్ మొదలవుతుంది. ఆ నిబంధన వెనక ఉన్న కారణం ఎవరూ చెప్పరు. తడి ఉన్నంతసేపూ గింజ గట్టిగా ఊపిరి తీసుకుంటూ తన పిండిని తానే కాల్చుకుంటుంది. దానికి తోడు బూజు కూడా అదే పిండిని కాలుస్తుంది. రాశి లోపల వేడెక్కి రంగు మారుతుంది, బరువు తగ్గుతుంది. ఆరబెట్టడమంటే గింజ ఊపిరిని బాగా నెమ్మది చెయ్యడం. చంపెయ్యకుండా నెమ్మది చెయ్యడం. నవంబరు, డిసెంబరు తుపాన్లకి పనల మీదే మొలకలొచ్చిన ఏడాది ఎవరికైనా గుర్తుంటే, ఆ గింజలు చేసింది కూడా తమ పనే. నీళ్ళు దొరికాయి, గాలి ఉంది, నిద్ర తీరింది, ఊపిరి అందుకున్నాయి.

కాలిన చక్కెరలోని శక్తి నేరుగా పనికి రాదు. ఇక్కడ మన డెల్టా మనిషే ఒకాయన వస్తాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి బయటికొచ్చి 1923లో అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయింది. ద్రావణం ఎంత ముదురు నీలంగా మారితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరంలో అంతకుముందు ఎవరూ గుర్తించని పదార్థాలు వీళ్ళ కంటపడ్డాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకి శక్తి అందించే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటిదాకా పెద్దపెద్దవాళ్ళు నమ్మేవారు. ఈ కొత్త ఫాస్ఫేట్ పదార్థాలు బయటపడ్డాక ఆ నమ్మకాన్ని వదులుకోవాల్సి వచ్చింది.

ఏటీపీ పని చిల్లర పని. ధాన్యం అమ్మితే వచ్చిన చెక్కు చూపించి బస్సెక్కలేం, కండక్టరు చిల్లర అడుగుతాడు. చక్కెర, కొవ్వు పెద్ద మొత్తాలు. కణంలో ఏ చిన్న పని జరగాలన్నా వాటిని ఏటీపీగా మార్చుకోవాల్సిందే. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. కానీ అది ఖర్చవుతూ, వెంటనే మళ్ళీ తయారవుతూ ఉంటుంది. రోజు మొత్తంలో అలా తయారయ్యేది కలిపితే దాదాపు మన బరువంత అవుతుంది. దీన్ని దాచుకోవడం కుదరదు. ఊపిరి ఎందుకు ఆగకూడదో ఈ ఒక్క విషయం చెబుతుంది. అన్నం లేకుండా మనిషి వారాలు బతకగలడు. గాలి లేకపోతే కొన్ని నిమిషాలే.

ఇంకో సంగతి. ఈ ఏటీపీ మన కండలోనే కాదు, మండెలోని వరి మొలకలో ఉంది, రొయ్య తోకలో ఉంది, చెరువు అడుగు బురదలోని బ్యాక్టీరియాలో ఉంది. ఇంతవరకు తెలిసిన ప్రతి జీవకణమూ ఇదే చిల్లర వాడుతోంది. జీవులన్నిటికీ ఉమ్మడి లక్షణం ఏదని అడిగితే నేను మొదట చూపించేది దీన్నే. దాన్ని కనిపెట్టిన ఇద్దరు ముగ్గురిలో ఒకాయన భీమవరంలో పుట్టారు. ఆ భీమవరం చుట్టూ ఇప్పుడు కనుచూపు మేర రొయ్యల చెరువులే. ఆ గట్లమీద నడిచి బడికెళ్ళే పిల్లలకి ఆయన పేరు వ్యాసరచన పోటీల్లో తప్ప జీవశాస్త్రం క్లాసులో వినబడకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. తర్వాత ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించింది ఆయనే. డెల్టాని తరతరాలుగా పీడించిన బోదకాలు జబ్బుకి ఇప్పటికీ వాడుతున్న డీఈసీ మందు వచ్చిందీ ఆయన నడిపిన పరిశోధనాలయం నుంచే. అది వేరే వ్యాసం అవుతుంది.

ఇక చెరువు. దీనిమీద కాస్త నిలబడి మాట్లాడాలి.

గాలిలో లీటరుకి సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల మంచినీళ్ళలో లీటరుకి పట్టేది ఏడున్నర మిల్లీగ్రాములు. ఉప్పునీళ్ళలో ఇంకా తక్కువ. అంటే మనం పీల్చే దాంట్లో ముప్పయ్యారో వంతుతో రొయ్య బతకాలి. పైగా నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ పట్టేది తగ్గుతుంది, రొయ్యకి కావలసింది పెరుగుతుంది. దాని ఒంటి వేడి నీటి వేడితోపాటే మారుతుంది కాబట్టి, పది డిగ్రీలు పెరిగితే ఒంట్లో దహనం ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెలలో రైతు ఎందుకంత కంగారు పడతాడో ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే తెలుస్తుంది.

నా దగ్గర చదువుకునే ఒక కుర్రాడికి సొంత చెరువుంది. ఒకసారి అడిగాడు.

"మాస్టారూ, మా చెరువు బాగా పచ్చగా తిరిగిందండి. ఇంక ఆక్సిజన్‌కి ఢోకా లేదు కదండీ?"

"పగలు లేదురా. మరి రాత్రి ఆ పచ్చదనం ఏం పీలుస్తుంది?"

వాడు ఆలోచనలో పడ్డాడు. తప్పు వాడిది కాదు. మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడ్ పీలుస్తాయి, రాత్రి ఆక్సిజన్ పీలుస్తాయి అని చిన్నప్పుడే మన తలలో పడిపోతుంది. మొక్కకి పగలొక జీవితం, రాత్రొక జీవితం ఉన్నట్టు. మొక్క ఇరవై నాలుగ్గంటలూ ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటుంది. ఎండ ఉన్నప్పుడు తను పీల్చేదానికంటే ఎక్కువ తయారుచేస్తుంది, అంతే తేడా. చెరువులో పచ్చదనమంటే కంటికి కనబడని కోట్ల మొక్కలు. మధ్యాహ్నం రెండు మూడింటికి అవి నీళ్ళలో మామూలుగా పట్టేదానికంటే ఎక్కువ ఆక్సిజన్ నింపేస్తాయి. పొద్దు వాలగానే తయారీ ఆగిపోతుంది, పీల్చడం ఆగదు. రొయ్యలు పీలుస్తాయి, పచ్చదనం పీలుస్తుంది, అడుగున మిగిలిన మేతనీ మలాన్నీ కుళ్ళబెట్టే బ్యాక్టీరియా పీలుస్తుంది. రాత్రంతా తీసుకోవడమే తప్ప వెయ్యడం లేదు. అందుకే డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే కిందికి దిగేది తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు. పచ్చదనం మరీ చిక్కబడ్డ చెరువుకి మధ్యాహ్నం ఎంత మిగులు ఉంటుందో వేకువకి అంత లోటు ఉంటుంది.

నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రిపూట హోరెత్తేది ఇందుకే. కరెంటు పోతే చెరువు మీద కాపలా ఉన్నవాళ్ళు జనరేటర్ దగ్గరికి పరుగెత్తేదీ ఇందుకే. రొయ్యలు అడుగు వదిలి పైకొచ్చి నీటి అంచున తిరుగుతున్నాయంటే లెక్క అప్పటికే మైనస్‌లోకి వెళ్ళిపోయింది. తెల్లారేసరికి వ్యాపారికి ఫోన్ చేసి, ఉన్న కౌంట్‌కే, అంటే రొయ్యలు ఉన్న సైజుకే, పట్టుబడి పెట్టేస్తారు.

ఈ లెక్క రైతులకి తెలియదా అని అడుగుతారు. చేసే పని వాళ్ళకి చాలా బాగా తెలుసు. మూడు రోజులు ముసురు పడితే మేత తగ్గించాలని చెరువు మీద కూలికి వచ్చిన కుర్రాడు కూడా చెబుతాడు. ఎందుకు తగ్గించాలో అడిగితే, "మబ్బుల్లో సరిగా తినవండి" అంటాడు. అది కొంతవరకు నిజమే. అసలు లెక్క ఇంకా లోతుగా ఉంది. ఎండ లేక పచ్చదనం ఆక్సిజన్ తయారీ తగ్గించింది. మేత ప్రతి కిలోకీ ఎంతో కొంత ఆక్సిజన్ ఖర్చవుతుంది. రొయ్య తింటే రొయ్య ఒంట్లో కాలుతుంది, తినకపోతే అడుగున బ్యాక్టీరియా కాలుస్తుంది. ఎవరు కాల్చినా ఆక్సిజన్ పోయేది అదే నీళ్ళలోంచి. మేతని తగ్గించడమంటే చెరువు మొత్తం ఊపిరి ఖర్చుని తగ్గించడం. ఈ కారణం తెలిసినవాడు, ఎవరూ సలహా చెప్పని పరిస్థితి వచ్చినా సొంతంగా ఆలోచించుకోగలడు. అలవాటుగా మాత్రమే తెలిసినవాడు కొత్త పరిస్థితి రాగానే పక్క చెరువాయన ఏం చేస్తున్నాడో చూస్తాడు, లేదా షాపులో ఇచ్చిన డబ్బా పోస్తాడు. మన దగ్గర డబ్బాల వ్యాపారం ఇంతలా పెరగడానికి పాఠంలో పోయిన ఈ కారణం కూడా ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మనం పెంచే వనామీ రకం రొయ్య మన దగ్గరికి 2009లో వచ్చింది. అది పుట్టింది పసిఫిక్ తీరంలో, లాటిన్ అమెరికా వైపు. నీళ్ళ అడుగునే కాకుండా మధ్యలో కూడా తిరుగుతుంది కాబట్టి టైగర్ రొయ్య కంటే ఒత్తుగా వెయ్యొచ్చు. ఒత్తుగా వెయ్యొచ్చన్న మాట మాత్రం అందరికీ చేరింది. ఒత్తు పెరిగిన కొద్దీ ఆ నీళ్ళలో ఊపిరి తీసుకునే ప్రాణాలు పెరుగుతాయన్న రెండో మాట అంత బాగా చేరలేదు.

విసర్జన పాఠం మూత్రపిండాల బొమ్మతో మొదలై మూత్రపిండాల బొమ్మతోనే అయిపోతుంది. చెరువు దగ్గర మొదలుపెడితే ఎంత బాగుండేదో! మేతలో మాంసకృత్తులుంటాయి, వాటిలో నత్రజని ఉంటుంది. ఒంట్లో వాడుకోగా మిగిలిన నత్రజనిని ఏదోలా బయటికి పంపాలి. చుట్టూ నీళ్ళున్న రొయ్య, చేప మొప్పల్లోంచే అమ్మోనియాగా వదిలేస్తాయి. అమ్మోనియా విషం. కానీ కావలసినన్ని నీళ్ళుంటే పలచబడిపోతుంది. గోదావరిలో పలచబడుతుంది. ఎకరం చెరువులో ఒత్తుగా వేస్తే పలచబడదు. పైగా మధ్యాహ్నం పచ్చదనం కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసి నీటి పీహెచ్‌ని, అంటే క్షారగుణాన్ని, పెంచుతుంది. పీహెచ్ పెరిగితే అమ్మోనియాలో విషపు రూపం ఎక్కువవుతుంది. వేకువన ఆక్సిజన్ గండం, మధ్యాహ్నం అమ్మోనియా గండం. రెండింటికీ మూలం ఒకే పచ్చదనం, ఒకే మేత.

నేలమీద బతికేవాటికి అన్ని నీళ్ళు దొరకవు. మనం అమ్మోనియాని యూరియాగా మార్చి, తక్కువ నీళ్ళతో పంపేస్తాం. పొలంలో చల్లే యూరియా బస్తాలోనూ సరిగ్గా అదే పదార్థం. ప్రాణి ఒంట్లో తప్ప యూరియా పుట్టదని ఒకప్పుడు నమ్మేవారు. 1828లో జర్మనీలో ఫ్రెడరిక్ వోలర్ ప్రాణితో పనిలేకుండా గాజుపాత్రలో తయారుచేసి చూపించాడు. పక్షులూ బల్లులూ ఇంకో అడుగు ముందుకెళ్ళి యూరిక్ ఆమ్లంగా చేస్తాయి. అది నీళ్ళలో దాదాపు కరగదు. గోడమీద బల్లి రెట్ట చివర తెల్లటి చుక్క ఉంటుంది చూడండి, అదే. అనపర్తి, తణుకు వైపు కోళ్ళఫారాల్లో రెట్టమీద తెల్లపూత కూడా అదే. గుడ్డులో పెరిగే పిల్ల ఇరవయ్యొక్క రోజులు ఆ మూసిన పెంకులోనే ఉండాలి. అమ్మోనియా అయితే చచ్చిపోతుంది. కరగని యూరిక్ ఆమ్లమైతే ఒక మూలన పడి ఉంటుంది. ఊపిరి మాత్రం మూసిపెట్టడానికి కుదరదు కాబట్టి పెంకు నిండా కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి.

శ్వాసంటే ఆక్సిజనే అనుకుంటే మళ్ళీ పొరపాటు. డెల్టా బురద దీనికి సాక్ష్యం. పొలంలో కాలు దిగబడేంత లోతు నల్లమట్టిని తీసి వాసన చూస్తే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. అక్కడికి ఆక్సిజన్ చేరదు. అక్కడి బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు సల్ఫేటుతో పని నడుపుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఇంకొన్ని నైట్రేటుతో నడుపుకుని, మనం డబ్బు పోసి చల్లిన నత్రజనిని గాలిలో కలిపేస్తాయి. వాటికంటే అడుగున మీథేన్ వదిలే సూక్ష్మజీవులు ఉంటాయి. దమ్ములో కాలు పెడితే పైకొచ్చే బుడగల్లో అది కూడా ఉంటుంది. ఇవన్నీ తమ ఆహారాన్ని తమ దారిలో వాడుకుని ఏటీపీ చేసుకుంటున్నవే. ఆక్సిజన్ దొరికితే లాభం చాలా ఎక్కువ. దొరకని చోట ప్రాణం మరో దారి వెతుక్కుంటుంది.

మరి అదే బురదలో వరి ఎలా బతుకుతుంది? ఒక దుబ్బు పీకి కాడ అడుగుభాగాన్ని బ్లేడుతో అడ్డంగా కొయ్యండి. లోపల ఖాళీ గదులు కనబడతాయి. ఆకు దగ్గర్నుంచి వేరు కొస దాకా గాలి దిగే దారులవి. వేళ్ళు చూడండి. ఆరోగ్యమైన వేళ్ళ మీద తుప్పు రంగు పూత ఉంటుంది. వేరులోంచి కొద్దికొద్దిగా బయటికి కారిన ఆక్సిజన్‌కి చుట్టూ ఉన్న ఇనుము నిజంగానే తుప్పుపట్టింది. ఊపిరాడని వేళ్ళు నల్లగా ఉంటాయి, చితికితే ఆ కుళ్ళు వాసనే వస్తుంది. పిలకలు వేశాక కొన్నాళ్ళు నీళ్ళు తీసి పొలం ఆరగట్టే పాత అలవాటు ఉంది కదా. దానికి కారణం ఆ వేళ్ళ రంగులో ఉంది. స్వర్ణ వరి రకాన్ని దేశానికి ఇచ్చింది మన డెల్టాలోని మార్టేరు పరిశోధనా కేంద్రం. ఆ పక్క ఊళ్ళ పిల్లలకి వరి వేరు రంగు చూపించని జీవశాస్త్రం పాఠం ఎందుకు?

కాకినాడ దగ్గర కోరంగిలో ఇదే చిక్కుకి ఇంకో పరిష్కారం ఉంది. తెల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళంత లావున వందల వేళ్ళు పైకి లేచి ఉంటాయి. పోటు వచ్చినప్పుడు మునుగుతాయి. ఆటుకి బయటపడి, పైనున్న చిన్న రంధ్రాల్లోంచి గాలి తీసుకుని కిందున్న వేళ్ళకి పంపుతాయి. ఆ చెట్టు ఆకు తుంపి నాలుకమీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. ఒంట్లో చేరిన ఉప్పుని ఆకుల మీదున్న గ్రంథుల్లోంచి బయటికి తోసేస్తుంది. ఆ తోయడానికీ ఏటీపీయే కావాలి. వేరుకి ఊపిరాడకపోతే ఆకు ఉప్పు కక్కలేదు. శ్వాస ఒక అధ్యాయం, విసర్జన ఇంకో అధ్యాయం అని పుస్తకం విడదీసింది కానీ మడ చెట్టు విడదీయలేదు.

పెరుగుదల, చలనం, స్పందన గురించి తొందరగా చెప్పేస్తాను. రొయ్య పెంకు విడిచి పెరుగుతుంది. విడిచిన వెంటనే నీళ్ళు పీల్చుకుని ఒళ్ళు సాగదీసి, కొత్త పెంకు గట్టిపడేలోగా ఆ సైజు సంపాదించుకుంటుంది. ఆ గంటల్లో దానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో రైతులు రాత్రి ఏరియేటర్లు ఆపకుండా తిప్పేది దీనికోసం. అత్తిపత్తి ముడుచుకున్నా, ఎండ్రకాయ బొరియలోకి దూరినా ఖర్చయ్యేది అదే చిల్లర. కొబ్బరికాయ మొలకెత్తినప్పుడు లోపల పెరిగే కొబ్బరి పువ్వుని మనం తీపి అని తింటాం. అది తెల్లకొబ్బరిని కరిగించి పీల్చుకుని మొలకకి అందించే అవయవం. పోషణ కూడా ఊపిరికి కట్టెలు సమకూర్చే పనే కదా!

ప్రత్యుత్పత్తి విషయంలో నా మాటకి ఎదురు వస్తుంది. అది లేకపోతే జాతే ఉండదు, అదే ముఖ్యం అంటారు. జాతికి ముఖ్యమే. కానీ పిల్లల్ని కనని మనిషి మనిషే, కంచరగాడిద ప్రాణమున్నదే. జాబితాలో ప్రతి జీవీ చెయ్యక తప్పనిది అంటే ఊపిరే. పులసనే చూడండి. సముద్రంలో తిని కొవ్వు పట్టి, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఆ ఈతకీ, ఆ గుడ్లకీ పెట్టుబడి ఒంట్లోని ఆ కొవ్వే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పైకి పోయే దారి మూతపడింది. అదే ఆనకట్ట మనకి ఈ పచ్చటి డెల్టానీ ఇచ్చింది.

పోషణే మొదటిది కదా, తినకుండా ఏం కాలుస్తుంది అని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ తినడం అప్పుడప్పుడూ జరిగే పని. పురిలో పోసిన విత్తనం నెలల తరబడి ఏమీ తినదు, పెరగదు, కదలదు. జాబితా ప్రకారం చూస్తే అది చచ్చినట్టే. అయినా అతి నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని మసాదా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్ళ నాటి ఖర్జూరం గింజని 2005లో నాటితే మొలకెత్తింది.

రెండో వైపు నుంచి చూడాలంటే వైట్‌స్పాట్ వైరస్ ఉంది. 1994-95లో టైగర్ రొయ్య చెరువుల్ని ఊడ్చేసి, ఎన్నో కుటుంబాలని అప్పుల్లో ముంచింది. అది రెట్టింపవుతుంది, వ్యాపిస్తుంది. కానీ రొయ్య బయట ఉన్నప్పుడు దానికి ఊపిరి లేదు, ఏటీపీ తయారుచేసుకునే సరంజామా లేదు. లోపల చేరాక రొయ్య కణం కష్టపడి చేసుకున్న ఏటీపీతోనే తన పిల్లల్ని తయారుచేసుకుంటుంది. దానికి ప్రాణం ఉందా లేదా అని క్లాసులో వాదన వస్తే రానివ్వాలి. ఊపిరి కొలబద్దగా పట్టుకుంటే ఆ వాదనకి ఒక దారి దొరుకుతుంది. వైరస్‌ని బ్యాక్టీరియా మందుతో ఎందుకు చంపలేమో కూడా చాలావరకు అక్కడే తెలుస్తుంది. బ్యాక్టీరియాలో దెబ్బతియ్యడానికి సొంత యంత్రాంగం ఉంది, వైరస్‌కి లేదు.

ఇవన్నీ చెప్పడానికి బడికి ల్యాబు అక్కర్లేదు. ఒక మండె సంచి, ఒక వరి దుబ్బు, ఒక కోడిగుడ్డు, పక్క చెరువాయన్ని అడిగితే దొరికే డీఓ మీటరు చాలు. సాయంత్రం నాలుగింటికి ఒకసారి, తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి పిల్లల చేత అదే చెరువులో కొలిపించాలి. గట్టుమీదే ఆ రెండు అంకెలూ నోటుపుస్తకంలో రాయించాలి. జీవక్రియల పాఠం అక్కడ మొదలవ్వాలి. ఊపిరితిత్తుల బొమ్మ ఆ తర్వాతి వారం గీసుకోవచ్చు.

పరీక్ష పేపరు నా చేతికిస్తే ఏడు లక్షణాలూ రాయమని అడగను. ఈ ఒక్క ప్రశ్న ఇచ్చి పది మార్కులు పెడతాను: మూడు రోజులుగా ముసురు. చెరువు చిక్కటి పచ్చగా ఉంది. రొయ్యలు పెంకు విడిచే రోజులు. రాత్రి పదింటికి కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ నాలుగు గంటలకే సరిపోతుంది. ఏరియేటర్లని ఏ వేళకి అట్టేపెడతావు? తెల్లారాక మేత వేస్తావా, ఎంత వేస్తావు? ప్రతి జవాబుకీ కారణం రాయి.